రెండు బెత్తెలు

కొత్తవాడలో రాత్రి ఏడున్నర,
కోపెన్‌హాగన్‌లో పగలు మూడు.
అర్ధగంట మగ్గం ఆపమని
పక్కింటి ఆడెపు సదయ్యను బతిమాలాను.
"అర్ధగంటంటే బెత్తెడు జంపఖానా బిడ్డా" అన్నాడు.
ఆపలేదు.
కిటికీకి దుప్పటి కట్టి, ఫ్యాను బంద్ చేసి
తెర ముందు కూర్చున్నాను.
పైన ఇస్త్రీ చొక్కా,
కింద వెలిసిపోయిన నైట్ ప్యాంటు.

నలభై ఒక్క ఆఫీసులకు రాశాను.
నేను గీసినవన్నీ కలిపి
పది ఎంబీలు మించొద్దన్నారు;
నొక్కి నొక్కి తొమ్మిదిన్నరకు తెచ్చాను.
ముప్పై ఏడుగురు పలకలేదు.
ముగ్గురు మర్యాదగా వద్దన్నారు.
మిగిలిన ఒక్కడు ఈ తెర మీద:
తెల్ల గోడ, నెరిసిన గడ్డం, చేతిలో కాఫీ.

పేజీలు తిప్పుతున్నాడు.
గాజు మ్యూజియం. ఏ నదీ అడగని వంతెన.
సాయంత్రపు వెలుగు తప్ప
ఎవరూ నడవని వరండాలు.
హైదరాబాద్‌లో రెండేళ్లు గీసిన
బాత్రూం టైళ్ల లెక్కలు ఇందులో లేవు,
దాచేశాను.
"వీటిలో నువ్వు కట్టింది ఏది?"

కట్టింది.

పందొమ్మిదో పేజీ అన్నాను.
చేనేత సంఘం నూలు గోదాములోకి
దిగే మెట్లు. అంతే.
చాలాసేపు చూసి అడిగాడు:
"డ్రాయింగ్‌లో ఐదున్నాయి,
ఫోటోలో ఆరున్నాయి. ఎందుకు?"

జహంగీర్ మేస్త్రి సంగతి
ఇంగ్లీషులో ఎక్కడ మొదలుపెట్టను?
నా కాగితం మీద మెట్టు ఎత్తు
నూట డెబ్బై ఐదు మిల్లీమీటర్లు.
"రెండు బెత్తెలు చాలు గదమ్మా" అన్నాడాయన.
పుస్తకంలో ఉన్నదన్నాను.
పుస్తకంలో ఉన్నట్టే కట్టాడు.

మొదటి రోజు కొంరవ్వ
రంగద్దిన నూలు మూట నెత్తిన పెట్టుకుని దిగింది.
మూడో మెట్టు కాడ ఆమె కాలు
గాలిలో నేలను వెతికింది.
పడలేదు.
ఊరికే ఒక్క క్షణం, కాలు అట్లనే ఆగింది.

తెల్లారి నేను పోయేసరికి
తడి ఇంకా ఆరని తన ఐదు మెట్లను
తనే పగలగొడుతున్నాడు మేస్త్రి.
సిమెంటు పైసలెవరిస్తారని అరిచాను.
గడ్డపార ఆపకుండానే అన్నాడు:
"నెత్తి మీద మూటుంటే కండ్లు కిందికి రావు బిడ్డా.
మెట్టు కాలుకు ఎరుకుండాలె."
సగం పైసలు ఆయనవి, సగం నావి.

బెత్తెడుకు నా దగ్గర ఇంగ్లీషు లేదు.
నాలుగు వేళ్లు జోడించి కెమెరాకు చూపాను.
ఆయన కాఫీ కింద పెట్టి
తన నాలుగు వేళ్లూ జోడించి చూసుకున్నాడు.
చలిదేశపు బెత్తె, కొంచెం వెడల్పే.
ఆ నిశ్శబ్దంలోకి
గోడ అవతలి మగ్గం
టక్కుమని ఒక పోగు వేసింది.

ఎనిమిది నెలల ఒప్పందం వచ్చింది.
అద్దె పోను మిగిలేదెంతో
మూడుసార్లు లెక్కేశాను,
మూడుసార్లూ ఒకటే వచ్చింది.
ఇక్కడ నా పేరు ముందున్న ఆర్కిటెక్ట్ అనే మాట
అక్కడ చెల్లదట.
సహాయకురాలు అని రాశారు.
సంతకం పెట్టాను.

గిర్మాజీపేటలో గోడ కడుతున్న మేస్త్రికి
చెప్పడానికి పోయాను.
తూకం గుండు మీదినుంచి చూపు తిప్పలేదు.
"మంచు పడ్తదంటివి గదా ఆడ?
మెట్టుకు రెండు నూళ్ల వాలియ్యుమను.
నీళ్లు నిలిస్తే జారుతరు."
చెప్తానన్నాను.
"ఇంకోటి. ఆ దేశపోళ్ల పాదం
ఎంత పొడుగుంటదో కొలిచి ఫోన్ చెయ్యి."

బెత్తెల్లోనా, మిల్లీమీటర్లలోనా
అని నవ్వాను.
గుండు ఊగడం ఆగేదాకా
ఆయన మాట్లాడలేదు.